గట్టున నిలబడ్డ సాక్షులు: ఉత్తరాంధ్రలో బాప్తిస్మం కథ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల క్రైస్తవుల మధ్య తరతరాలుగా తెగని వాదం ఒకటుంది. బాప్తిస్మం నీళ్లలో ముంచి ఇవ్వాలా, తలమీద చిలకరిస్తే సరిపోతుందా? పసిబిడ్డకు ఇవ్వవచ్చా, ఊహ తెలిసి నోటితో ఒప్పుకున్నవారికే ఇవ్వాలా? ఇరుపక్షాలూ బైబిలు తెరుస్తాయి, ఇరుపక్షాలకూ వచనాలు దొరుకుతాయి, సాయంత్రానికి ఎవరి గుడికి వాళ్లు వెళతారు. ఈ వాదం పనికిరానిదని నేను అనను. దాని వెనక నిజమైన భక్తి ఉంది, మనస్సాక్షి ఉంది. కానీ ఈ ప్రాంతంలో బాప్తిస్మం నడిచివచ్చిన దారిని వెనక్కి చూస్తే, ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉందనిపిస్తుంది. నీరు ఎంత అన్నదానికన్నా, ఆ నీటి దగ్గర ఎవరు నిలబడి చూశారన్నది ఇక్కడ పెద్ద విషయం. ఒక మనిషి తనవాళ్లందరి కళ్లముందు, మళ్లీ వెనక్కి తీసుకోలేని నిర్ణయం ఒకటి ప్రకటించడమే ఈ నేలమీద బాప్తిస్మానికి ప్రాణం. మిగతా తేడాలన్నీ దాని తర్వాతే.

మొదటి శతాబ్దాల సాక్ష్యం చూసినా ఇదే కనబడుతుంది. యోహాను యొర్దాను నదిలో బాప్తిస్మం ఇచ్చింది జనసమూహాల మధ్య. పౌలు రోమీయులకు రాస్తూ క్రీస్తుతో పాతిపెట్టబడి, ఆయనతో లేవడమని దాని అర్థం చెప్పాడు. సమాధి పోలిక కాబట్టి ముంచడమే సరైనదని బాప్టిస్టులు అనడంలో బలం ఉంది. అయితే దిదాకే అనే అతి ప్రాచీన సంఘ నియమావళి పారే నీరు ఉంటే పారే నీటిలో ఇవ్వమంటుంది, లేకపోతే వేరే నీటిలో, చన్నీళ్లు కుదరకపోతే వేన్నీళ్లలో, అంత నీరే లేకపోతే తలమీద మూడుసార్లు పోయమంటుంది. నీటి విషయంలో ఇన్ని సడలింపులిచ్చిన ఆ నియమావళి, బాప్తిస్మం పొందేవారితోపాటు ఇచ్చేవారూ, వీలైన ఇతరులూ ముందుగా ఉపవాసం ఉండాలని మాత్రం చెబుతుంది. అంటే ఆ పని ఒక్కరిది కాదు, చుట్టూ ఉన్నవారిది కూడా. ఎడారి దారిలో ఫిలిప్పు ఐతియొపీయుడికి ఇచ్చిన బాప్తిస్మానికి సాక్షులెవరని అడగవచ్చు. అక్కడ కూడా రథం ఆపమన్న ఆజ్ఞ విన్నవాడు ఒకడున్నాడు, ఫిలిప్పు ఉన్నాడు. తనకు తానుగా బాప్తిస్మం ఇచ్చుకునే పద్ధతి క్రైస్తవంలో ఎక్కడా నిలవలేదు. 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తొలి ఇంగ్లీషు బాప్టిస్టు జాన్ స్మిత్ తన తలమీద తానే నీళ్లు పోసుకున్నాడు. ఆ తర్వాత అది తప్పేమోనన్న సందేహం ఆయననే పట్టుకుంది.

ఉత్తరాంధ్రకు ప్రొటెస్టెంటు బోధకులు వచ్చింది 1805లో. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు, తెలుగు నేర్చుకున్నారు, సువార్తల అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి బళ్లు నడిచాయి, కరపత్రాలు పంచారు, సంతల్లో బోధించారు. వినేవాళ్లు విన్నారు, వాదించేవాళ్లు వాదించారు. నీళ్లలో దిగడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదనే చెప్పాలి. 1830ల నడిమికి గాని ఆ గడ్డ కదలలేదు. ఈ ముప్పై ఏళ్ల నిరీక్షణను మిషన్ చరిత్రకారులు వైఫల్యంగానో ఓర్పుగానో రాశారు. నాకు అందులో మరొకటి కనబడుతుంది. బాప్తిస్మం అంటే ఏమిటో ఈ ప్రాంతపు జనానికి మిషనరీలకన్నా బాగా అర్థమైంది. పుస్తకం చదవడం వేరు, ప్రార్థన వినడం వేరు, ఆ నీరు తీసుకోవడం వేరు అని వాళ్లకు స్పష్టంగా తెలుసు.

పురుషోత్తమ చౌదరి జీవితం దీనికి పెద్ద నిదర్శనం. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఆయనకు, అప్పట్లో ఇంగ్లీషువాళ్లు చికాకోలు అని పిలిచిన శ్రీకాకుళంలో హెలెన్ నాట్ అనే స్త్రీ ద్వారా క్రైస్తవ గ్రంథాలు అందాయి. చదివారు, తర్కించుకున్నారు, నమ్మారు. నమ్మకం కుదిరిన తర్వాత బాప్తిస్మం కోసం ఆయన కటకం వెళ్లారు. అక్కడి ఇంగ్లీషు బాప్టిస్టు మిషనరీల దగ్గర 1833లో ముంపు బాప్తిస్మం పొందారు. తర్వాత లండన్ మిషన్‌తో కలిసి విశాఖలోనూ శ్రీకాకుళంలోనూ పనిచేశారు. పసిపిల్లలకు బాప్తిస్మమిచ్చే మిషన్ అది. ముంపు తీసుకున్న మనిషి చిలకరింపు సంఘంలో బోధకుడయ్యాడంటే, ఆ తొలి తరానికి నీటి కొలతకన్నా పెద్దవిషయాలు చేతినిండా ఉన్నాయన్నమాట. ఇంకొక సంగతి. బాప్తిస్మం తర్వాత కూడా ఆయన పురుషోత్తముడిగానే ఉన్నారు. పూరీ జగన్నాథుడి పేరును తీసేసి బైబిలు పేరు పెట్టుకోలేదు. రాగతాళాలు వదల్లేదు, తెలుగు పద్యం వదల్లేదు. 1890లో ఆయన చనిపోయేనాటికి ఆయన కీర్తనలు అన్ని సంఘాల నోళ్లలోనూ ఉన్నాయి. ఈనాటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఆయన పేరు కనబడుతుంది. బాప్తిస్మం అంటే సొంత సంస్కృతిని కడిగేసుకోవడమేనన్న ఆక్షేపణకు ఉత్తరాంధ్ర తొలి తరమే ఇలా జవాబిచ్చింది.

కటకం కథలో ఇంకో పాయ కూడా ఉంది. అక్కడి బాప్టిస్టు మిషనరీ ఏమస్ సటన్ అమెరికాకు వెళ్లినప్పుడు తెలుగువారి సంగతి అక్కడి బాప్టిస్టులకు చెప్పాడు. దాని ఫలితంగా శామ్యూల్ డే 1836లో విశాఖలో దిగి, కొంతకాలం శ్రీకాకుళంలో ఉండి తెలుగు నేర్చుకుని, చివరికి 1840లో నెల్లూరు చేరాడు. నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టు చరిత్ర అంతా అక్కడినుంచే మొదలైందని అందరూ రాస్తారు. దాని మొదటి పాఠాలు శ్రీకాకుళంలో సాగాయన్న సంగతి ఈ జిల్లావాళ్లకే పెద్దగా తెలియదు.

ఆ రోజుల్లో బాప్తిస్మానికి చెల్లించిన ధర ఏమిటో చట్టాలను చూస్తే తెలుస్తుంది. మతం మారినందుకు, కులం నుంచి వెలివేసినందుకు వారసత్వపు హక్కు పోకూడదని 1850లో చట్టం చేయవలసివచ్చింది. మతం మారినవారిని భార్యో భర్తో విడిచిపెడితే వివాహబంధం రద్దు చేసుకోవడానికి 1866లో మరో చట్టం వచ్చింది. అవసరం లేకుండా ప్రభుత్వాలు ఇలాంటి చట్టాలు చెయ్యవు. మచిలీపట్నంలో మిషనరీ రాబర్ట్ నోబుల్ బడి విద్యార్థులు ఇద్దరు 1852లో బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఊరు ఊరంతా లేచింది, బడి దాదాపు ఖాళీ అయింది. అంతకుముందు 1840ల్లో విశాఖలో మిషన్ బడిలో చదివిన బ్రాహ్మణ యువకుడు పులిపాక జగన్నాథం కూడా ఇలాగే గడప దాటి వచ్చినవాడే. ఆ కుర్రాళ్లు బడిలో అంతకుముందు రోజువరకూ బైబిలు చదివారు, పరీక్షలు రాశారు. అప్పుడు ఎవరికీ అభ్యంతరం రాలేదు. నీరు తలకు తగిలిన రోజునే అభ్యంతరం వచ్చింది. బాప్తిస్మాన్ని ఒప్పుకోనివాళ్లు కూడా దాని అర్థాన్ని సరిగ్గానే పట్టుకున్నారనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఆడవాళ్ల విషయంలో ఇది మరింత కఠినం. మనసులో నమ్మి, ఇంట్లో రహస్యంగా ప్రార్థించి, భర్తో కొడుకో ఒప్పుకునేదాకా ఏళ్లకేళ్లు నీటికి దూరంగా ఆగిపోయిన స్త్రీలు ఉన్నారు. వాళ్ల విశ్వాసం తక్కువదని ఎవరంటారు? అయినా వాళ్లూ ఆ నీటికోసం ఎదురుచూశారు, అది లేకపోయినా ఒకటేనని అనుకోలేదు.

1874లో జాన్ మెక్‌లారిన్ కాకినాడలో కెనడా బాప్టిస్టు మిషన్ పని చేపట్టాక, ఆ మరుసటేడు కెనడా తూర్పుతీర రాష్ట్రాల బాప్టిస్టులు ఉత్తరానికి వచ్చారు. భీమునిపట్నం, శ్రీకాకుళం, 1879లో బొబ్బిలి, తర్వాత విజయనగరం, పాలకొండ, టెక్కలి, సోంపేట వరుసగా వాళ్ల కేంద్రాలయ్యాయి. నాగావళి, వంశధార, వేగావతి వాళ్ల బాప్తిస్మపు రేవులయ్యాయి. నది దూరమైతే చెరువు, తర్వాతి కాలంలో గుడిలోనే కట్టిన తొట్టి. ఆ పద్ధతి ఇప్పటికీ పెద్దగా మారలేదు. అడిగినవారికి అడిగిన వారమే ఇవ్వరు. సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. పెద్దలు ప్రశ్నలు వేస్తారు: ఎందుకు నమ్మావు, ఇంట్లో ఏమంటున్నారు, తాగుడు మానావా, అప్పు తీర్చావా. సంఘం ఒప్పుకుంటేనే రోజు పెడతారు. ఆ ఉదయం తెల్లబట్టలతో అభ్యర్థులు గట్టున వరుసగా నిలబడతారు. పాస్టరు నడుంలోతు నీటిలో ఉండి ఒక్కొక్కరినీ పిలుస్తాడు. వచ్చినవారు రెండు చేతులూ గుండెలమీద కట్టుకుంటారు. ఆ చేతులమీద పాస్టరు ఒక చెయ్యి, మెడవెనక ఇంకో చెయ్యి వేస్తాడు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో అన్న మాటతో వెనక్కి ఒక్కసారి పూర్తిగా ముంచి లేపుతాడు. గట్టుమీద పాట ఆగదు. ఆడవాళ్లకు చీరలు అడ్డంపట్టి బట్టలు మార్పిస్తారు. తర్వాత గుడిలో పెద్దలు వరుసగా వచ్చి కుడిచేతి సహవాసం ఇస్తారు, ఆ రోజే తొలిసారి ప్రభురాత్రి భోజనంలో చెయ్యి చాపుతారు. అటువైపు గట్టున బట్టలుతికేవాళ్లు, దారినపోయేవాళ్లు ఆగి చూస్తారు. వాళ్లూ సాక్షులే. నా దృష్టిలో వాళ్లే ముఖ్యమైన సాక్షులు. రేపు వీధిలో ఈ మనిషి మాట తప్పితే మొదట అడిగేది వాళ్లే.

కొండవైపు కథ వేరు. జర్మనీనుంచి 1882లో వచ్చిన బ్రెక్లుం లూథరన్ మిషన్ జయపురం సంస్థానంతోపాటు ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లాలోని సాలూరు, పార్వతీపురంలో కేంద్రాలు పెట్టింది. కతోలికులు విశాఖ కేంద్రంగా 1840లనుంచి పనిచేశారు. శ్రీకాకుళం ప్రత్యేక మేత్రాసనమైంది 1993లో. ఈ రెండు సంఘాలవాళ్లూ పసిబిడ్డకు బాప్తిస్మమిస్తారు. బిడ్డకు మాట రాదు కాబట్టి తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు ముందుకు వచ్చి జవాబు చెబుతారు. సాతానును విసర్జిస్తున్నావా అని గురువు అడిగితే బిడ్డ తరఫున వాళ్లు ఒప్పుకుంటారు. నీళ్లు మూడుసార్లు తలమీద పడతాయి. కతోలికుల్లో అభిషేకతైలం, తెల్లబట్ట, వెలిగించిన కొవ్వొత్తి ఉంటాయి. నమ్మకం పుట్టుకతో రాదు, తండ్రి నమ్మితే కొడుకు నమ్మినట్టు కాదు అని బాప్టిస్టులు దీన్ని తప్పుపడతారు. ఆ మాటలో కాదనలేని నిజం ఉంది. కులం పుట్టుకతోనే అంటుకునే దేశంలో, మతమైనా మనిషి తానే ఎంచుకోవాలనడం చిన్న విషయం కాదు. కానీ అవతలివైపు మాట కూడా వినాలి. ఫిలిప్పీ చెరసాల అధికారి ఆ రాత్రే తన ఇంటివారందరితో కలిసి బాప్తిస్మం పొందాడు. కొండ ఊళ్లలో, పేటల్లో ఇల్లు మొత్తం ఒక్కసారే గడప దాటినచోట, పాలుతాగే బిడ్డను గడప అవతల వదిలిరమ్మనడం ఎవరి తరం? ఆ బిడ్డ ఎదిగి, ధ్రువీకరణ రోజున ఆ విశ్వాసాన్ని తన నోటితో ఒప్పుకోవాలని లూథరన్లూ చెబుతారు. ఒకచోట సాక్షులు మాట విని నమోదు చేసుకుంటారు, ఇంకోచోట సాక్షులే మాట ఇచ్చి తర్వాత నిలబెట్టుకోవాలి. సాక్షులు లేకుండా మాత్రం రెండూ లేవు.

ఈ రెండు పద్ధతులూ ఇక్కడ ముఖాముఖి కలిసిన సందర్భం ఒకటుంది. 20వ శతాబ్దం మొదట్లో లండన్ మిషన్ ఉత్తరాంధ్రనుంచి తప్పుకుని తన పనిని కెనడా బాప్టిస్టుల చేతిలో పెట్టింది. చిలకరింపుతో పెరిగిన కుటుంబాలు ముంపును నమ్మే సంఘాల నీడలోకి వచ్చాయి. దక్షిణ భారత సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడినప్పుడు మిగతా ప్రాంతాల లండన్ మిషన్ సంఘాలు అందులో చేరాయి, బాప్టిస్టులు చేరలేదు. వాళ్లను ఆపిన ముఖ్య కారణాల్లో పసిబిడ్డల బాప్తిస్మం ఒకటి. అందుకే ఉత్తర సర్కారుల బాప్టిస్టు సంఘాల కన్వెన్షన్ ఈనాటికీ విడిగానే ఉంది. అయితే 1970లో ఏర్పడ్డ ఉత్తర భారత సంఘంలో బాప్టిస్టులు కూడా చేరారు. రెండు రకాల బాప్తిస్మాన్నీ సమానంగా ఒప్పుకోవడమే అక్కడ కుదిరిన మార్గం. 1982లో పెరూ రాజధాని లీమాలో ప్రపంచ సంఘాల పక్షాన వేదాంతులు ఒప్పుకున్న పత్రం కూడా బాప్తిస్మం ఒక్కసారే, మళ్లీ ఇవ్వకూడదని తేల్చింది.

ఇక ఆక్షేపణలు. మొదటిది పాతది: కరువులో గంజికోసం మునిగారు అన్నది. దీనికి జవాబు ఒంగోలు చరిత్రలో ఉంది. 1876–78 కరువులో అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ పని సాగినన్నాళ్లూ, నెలల తరబడి, అడిగినవాళ్లెవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలికోసం వచ్చారన్న మాట రాకూడదని ఆపాడు. కరువు సాయం ముగిశాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఉత్తరాంధ్రలో అలాంటి జన ఉద్యమం రానేలేదు. 2011 జనాభా లెక్కల్లో కూడా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో క్రైస్తవులు ఒక శాతానికి చేరలేదు. ఆకలి ఇక్కడ తక్కువేమీ కాదు, వలసపోయిన పల్లెలే చెబుతాయి. ఆకలే బాప్తిస్మానికి కారణమైతే ఈ లెక్క ఇలా ఉండేది కాదు.

రెండో ఆక్షేపణ బరువైనది. కృష్ణా జిల్లా మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావు (1912–1981) 1942లో క్రీస్తు దర్శనం పొందానని చెప్పారు. క్రీస్తు పేరిట స్వస్థత ప్రార్థనలు చేశారు, వేలమందిని ఆకర్షించారు, కానీ బాప్తిస్మాన్ని తోసిపుచ్చారు. లోపలి మార్పు చాలదా, సంఘం గుంపులో కలిపే ఈ బయటి తంతు ఎందుకు అన్నది ఆయన ప్రశ్న. మిషన్ సంఘాల్లోని డాంబికం, తగాదాలు, పదవులపై ఆశ చూసి ఆయన విసిగిపోవడంలో న్యాయం ఉంది. అయితే సంఘం చెడిందని సాక్ష్యాన్నే తీసేస్తే మిగిలేది ఒంటరి అనుభవం. కష్టమొచ్చినప్పుడు పట్టుకునే చెయ్యి, దారితప్పినప్పుడు నిలదీసే నోరు దానిలో ఉండవు. సుబ్బారావు చుట్టూ చేరినవాళ్లు కూడా చివరికి ఒక గుంపే అయ్యారు. పేదవాడి విశ్వాసానికి ముఖ్యంగా పక్కన నిలబడేవాళ్లు కావాలి. నాగావళి గట్టున పాడినవాళ్లే మర్నాడు అతని ఇంట్లో జబ్బు వస్తే కూర్చునేవాళ్లు.

మూడోది ఇప్పటి చిక్కు, చట్టం తెచ్చింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ దాన్ని విస్తరించారు. క్రైస్తవం తీసుకున్న దళితులకు మాత్రం మన రాష్ట్రంలో బీసీ-సీ కింద ఒక శాతమే. సవరలకు, జాతాపులకు ఈ చిక్కు లేదు, గిరిజన హోదాకు మతంతో ముడి పెట్టలేదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి కేసులో, పసితనంలో ఇచ్చిన బాప్తిస్మం నమోదును కూడా సాక్ష్యంగా లెక్కలోకి తీసుకుని షెడ్యూల్డు కులం ధ్రువపత్రం నిరాకరించింది. ఫలితంగా నిజం నీటి దగ్గర చెప్పాలా, కాలేజీ సీటు దరఖాస్తులో చెప్పాలా అన్న స్థితి పేటల్లో దాపురించింది. కొందరు బాప్తిస్మం తీసుకోకుండానే ఆగిపోతున్నారు, కొందరు తీసుకుని రికార్డుకు ఎక్కించుకోవడం లేదు. వాళ్లను పిరికివాళ్లనడం సులభం, కానీ అన్యాయం. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన అంటరానితనం ఊరి చివర ఆగిపోదు. కులం వెంటాడుతున్నప్పుడు కులపు రక్షణ మాత్రం పోవాలనడం సబబు కాదు. బహిరంగమైన మాటను రహస్యంగా మార్చే ఏ ఏర్పాటయినా బాప్తిస్మాన్ని లోపలినుంచి తినేస్తుంది.

అందుకే ఈ చరిత్రనుంచి సంఘాలను అడగవలసింది ఒకటి ఉంది. ఈమధ్య పల్లెల్లో కొత్తగా వెలసిన ప్రార్థనా మందిరాలు కొన్ని, వేరే సంఘంనుంచి వచ్చినవారిని మళ్లీ ముంచందే చేర్చుకోవడం లేదు. తాతల కాలంలో సాలూరులోనో శ్రీకాకుళంలోనో తీసుకున్న బాప్తిస్మం లెక్కలోకి రాదంటున్నాయి. ఆ తాతకు ఆ రోజు ఎంత ఖర్చయిందో వాళ్లకు తెలియదు. కొలత తేడాకోసం ఆ సాక్ష్యాన్ని కొట్టివేసే అధికారం ఎవరికీ లేదు. ముంపును నమ్మేవాళ్లు ముంచండి, బిడ్డలకిచ్చేవాళ్లు ఇవ్వండి. కానీ ఒకరిచ్చినదాన్ని మరొకరు రద్దు చెయ్యకండి. చెదలు పడుతున్న పాత బాప్తిస్మం రిజిస్టర్లు పాస్టర్ల ఇళ్ల అటకలమీద ఉంటే దించండి, శుభ్రంగా నకలు తీయించండి, భద్రపరచండి. ఉత్తరాంధ్రలో పల్లెవాసులు, అందులోనూ ఆడవాళ్లు, తమ సొంత నిర్ణయంతో పేరు రాయించుకున్న పాత పుస్తకాలు అవి తప్ప ఎక్కువ లేవు.